తడిగోనె

మా పక్కింటి అవ్వ విత్తనానికి వేరుశనగ కాయల్ని చేత్తోనే ఒలిచేది. మిషన్లో వేస్తే గింజ పైపొర చిట్లి మొలవదని ఆమె పట్టుదల. ముడుచుకుపోయిన గింజల్ని ఊళ్లో అందరూ మేకలకు వేస్తే, ఆమె మాత్రం వాటిని తడిగోనెలో చుట్టిపెట్టి, "చూస్తాం ఉండు" అనేది.

నా కూతురు ఏడో నెలలోనే పుట్టింది. ఆస్పత్రి నుంచి తెచ్చాక కూడా ఒక్క పిడికెడంతే ఉంది. "ఇచ్చినోడే చూసుకుంటాడమ్మా" అని మా మామ దండం పెట్టాడు. భూమ్మీద ప్రాణం యాదృచ్ఛికంగా, దానంతటదే పుట్టిందని నేను కాలేజీలో చదివాను. రెండింటిలో ఏది నిజమైనా బిడ్డ బతుకు నా చేతిలో లేనట్టే. ఎత్తుకోవడానికే భయపడ్డాను.

అవ్వ గోనె తెచ్చి నా ముందు విప్పింది. ముడుచుకున్న గింజల్లో మూడు మొలకెత్తాయి.

"వీటిని దేముడు లేపినాడా అవ్వా, వాటంతటవే లేసినాయా?" అన్నాను.

"నాకేం తెల్సు మే? తడిపింది మాత్రం నేను. బిడ్డను రొమ్ముకు అదుముకోని కూచో."

"మిగిలినవి మొలవలేదు గదవ్వా."

"మొలవలే. మొలవవేమోనని తడపకుండా ఇడుస్తామా?"

బిడ్డను అలా అదుముకుని రెండు నెలలు కూర్చున్నాను.

అవ్వ ఇప్పుడు లేదు. ఐదేళ్ల నా కూతురు మొన్న, "నన్నెవరు చేసినారు?" అని అడిగింది. తెలియదని నిజమే చెప్పాను. గోనె పరిచి, ముడుచుకున్న గింజలు పోసి, నీళ్ల చెంబు దాని చేతికిచ్చాను.