స్తంభం చుట్టూ రెండు వేళ్ల సందు

పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు, జూన్ నెలలో, నన్ను పత్తికొండ దగ్గర గుట్ట మీదున్న చిన్న వేధశాలకు సాంకేతిక అధికారిగా వేశారు. సంస్థ పేరు రాయను. అక్కడ అధికారినీ నేనే, గుమాస్తానూ నేనే. నాతో పాటు ఎస్తేరు అనే పరిశోధక విద్యార్థిని ఉండేది. కోసిగి వైపు కూలి కుటుంబం. ఒకే ఒక్క నక్షత్రం దూరం కొలవడం ఆమె పిహెచ్‌డి పని.

బస్సులో పోతుంటే దగ్గరి తుమ్మచెట్టు వెనక్కి పరుగెడుతుంది, దూరపు కొండ కదలదు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది కాబట్టి, ఆరు నెలల తేడాతో ఫొటోలు తీస్తే దగ్గరి నక్షత్రం దూరపు చుక్కల మధ్య వెంట్రుకవాసి జరిగి కనిపిస్తుంది. దాన్ని బట్టి దూరం లెక్కకడతాం. చిక్కల్లా నక్షత్రానికి సొంత నడక కూడా ఉండటమే. అందుకే ఆమె నక్షత్రాన్ని కార్తీకంలో తెల్లవారుజామున, వైశాఖంలో సాయంత్రం, మళ్లీ కార్తీకంలో తీయాలి. రెండు కార్తీకాల తేడా నక్షత్రం సొంత నడక. అది తీసేస్తే మిగిలేది మన భూమి నడక వల్ల వచ్చింది. ఉపగ్రహాలు ఈ పని ఎన్నో రెట్లు నిఖార్సుగా చేస్తాయి. చిన్న దుర్భిణితో మన చేతుల మీదుగా ఎంతవరకు రాబట్టగలమో చూపడమే ఎస్తేరు పరిశోధన. నేను చేరేనాటికి ఆఖరి కార్తీకం మిగిలింది. ఆమె గడువు డిసెంబరు వరకే.

సెప్టెంబరులో మా సంస్థ పెద్దసారు తనిఖీకి వస్తారని కబురొచ్చింది. నేల గతుకులుగా ఉందని బేతంచెర్ల బండలు తెప్పించి, వలీ మేస్త్రీకి పని అప్పగించి, నేను మీటింగుకని కర్నూలు పోయాను. దుర్భిణి నిలిచే స్తంభం కింది రాతిలోంచి లేస్తుంది. గది నేల దానికి తగలకూడదు, చుట్టూ రెండు వేళ్ల సందు ఉండాలి. లేకపోతే గోడకు కొట్టిన గాలి, దుర్భిణి పైన కప్పుగా తిరిగే గోపురం అదురు అన్నీ దుర్భిణికి ఎక్కుతాయి. ఈ సంగతి మేస్త్రీకి చెప్పాలన్న ఇంగితం నాకు లేకపోయింది.

తిరిగొచ్చేసరికి నేల అద్దంలా ఉంది. సందు లేదు.

"సందు వదిల్తే తేళ్లు దూరతాయి సార్. గోరు పట్టకుండా కలిపేసినా, సూడండి," అన్నాడు వలీ. అతని పనిలో వంక లేదు. బండకూ బండకూ మధ్య సందు వదిలితే మేస్త్రీలకు నామోషీ.

స్తంభం చుట్టూ పగలగొట్టించమని ఎస్తేరు ఆ రోజే అడిగింది. గంట పని. కానీ తనిఖీ ముందు కొత్త నేల పగలగొడితే పెద్దసారు ఏమంటారోనని నాకు భయం. ఆయన వచ్చిపోనీమ్మా అన్నాను. తనిఖీ వాయిదా పడింది. మళ్లీ పడింది. కార్తీకం వచ్చింది. ఆమె తీసిన ప్రతి ఫొటోలో నక్షత్రం చుక్కలా కాక సాగిన మరకలా పడింది. కార్తీకం వెళ్లిపోయింది.

ఉపగ్రహం లెక్క చూసి ఆ ఒక్క స్థానం వేసుకోమని సలహా కూడా ఇచ్చాను. చెప్పడానికి సిగ్గేస్తోంది.

"కొల్సనిదాన్ని కొల్సినానని ఎట్ల రాసేది సార్?" అంది.

పెద్దసారు డిసెంబరులో వచ్చారు. బండలను మెచ్చుకున్నారు, టీ తాగారు, దుర్భిణి మూత తీయమని కూడా అనలేదు. పరిశీలన ఎందుకు విఫలమైందో రాయాల్సిన రిపోర్టులో నేను 'మబ్బుల వల్ల' అని రాసి సంతకం పెట్టాను. గడువు పొడిగింపు ఇచ్చే సంఘం, మబ్బులు పడతాయని తెలిసి ఫొటోలు ముందే తీసుకోవాల్సిందని ఆమె అర్జీని తోసిపుచ్చింది.

ఆ ఏడు కార్తీకమంతా ఆకాశంలో మబ్బు తునక లేదు. చినుకు పడక కోసిగిలో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. ఎస్తేరు అమ్మానాన్నలు కూడా పనికి వలసపోయారు. రిపోర్టు నకలు చదివి ఆమె నా బల్ల మీద పెట్టింది.

"ఆ మబ్బేదో మా ఊరి మీదికన్నా వచ్చింటే బాగుండు సార్. మావోళ్లు ఆడనే ఉందురు," అని గుట్ట దిగి వెళ్లిపోయింది.

కొలతలో వచ్చే తప్పులను పట్టుకోవడానికి మా వృత్తిలో పద్ధతులున్నాయి. కొలిచేవాడి పై అధికారి పిరికివాడైతే పట్టుకునే పద్ధతి లేదు. ఆమె వెళ్లిన మర్నాడు బండలు పగలగొట్టించాను. రిపోర్టును మాత్రం సవరించలేదు. దిద్దడానికి ఇంకా మూడున్నరేళ్ల సర్వీసుంది కదా అనుకున్నాను.