కుప్పం గోడ మీద మా వకీలు తాత

మొన్న మదనపల్లెలో పాస్‌పోర్టు ఫొటోకని కూర్చుంటే, స్టూడియో అతను నా గళ్ల చొక్కా మీదికి కంప్యూటర్లో నల్లకోటు తొడిగేశాడు. ఎవరైనా నవ్వుకుంటారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. కోటు వేసుకున్న మనిషి ఫొటో ఒకటి తొంభైల్లో నా పెళ్లిని చెడగొట్టినంత పని చేసింది మరి.

పుంగనూరులో మా ఇంటి నడవలో వకీలు తాత ఉండేవాడు. మా నాయనకు తాత తండ్రి. తెల్లదొరల కాలంలో మద్రాసులో ఆ ఫొటో తీయించుకున్నాడని చెప్పేవాళ్లు. పొడుగు కోటు, తలపాగా, గడియారం గొలుసు, మోచేతి కింద లావుపాటి పుస్తకం. మా అవ్వ ఆ ఇంటికి కోడలిగా వచ్చిననాటి నుంచి పొద్దున్నే అద్దం మీద ఆయన నుదుటికి బొట్టు పెట్టి గానీ కాఫీ ముట్టేది కాదు. మేం అల్లరి చేస్తే "తాత సూస్తాండాడు" అనేది. నిజంగానే ఆ చూపు ఏ మూలన దాక్కున్నా వదిలేది కాదు.

కుప్పానికి పెళ్లిచూపులకు వెళ్లాం. అమ్మాయి కాఫీ తెచ్చింది. నచ్చింది, దాచుకోవడమెందుకు. సిగ్గుకొద్దీ ఆమె తల మీదుగా గోడ వైపు చూశాను. చేతిలో గ్లాసు జారి ప్యాంటు మీద పడింది. మా వకీలు తాత! అదే కోటు, అదే గొలుసు, అదే చూపు. బొట్టూ దండా మాత్రం వాళ్లవి.

"ఆయన ఎవురప్పా?" అన్నాడు నాతో వచ్చిన మా పెద్దనాయన.

"మా డాక్టరు తాత. మా నాయనకు తాత తండ్రి" అన్నాడు అమ్మాయి తండ్రి గర్వంగా.

"ఈయప్ప మా వకీలు తాతే! ఎవురో దత్తుకు పోయి ఇంటిపేర్లు వేరైతే ఏమి, రగతం ఒకటే కదప్పా! వీళ్లిద్దరూ అన్నాచెల్లెళ్లు అవుతారు. లెయ్‌రా, పోదాం" అని పెద్దనాయన లేచాడు.

బస్సెక్కాం. చెల్లెలి వరస పిల్లను ఇష్టపడ్డానే అని నా మీద నాకే అసహ్యం వేసింది.

అమ్మాయి తండ్రి వదిలే రకం కాదు. తమ పటం సంచిలో పెట్టుకుని మా ఇంటికే వచ్చేశాడు. రెండు పటాలూ చాప మీద పెట్టి, మేకులు పీకి చట్రాలు విప్పాం. అట్ట అడుగున, చట్రం కప్పేసిన చోట, రెండింటి మీదా ఒకే ఇంగ్లీషు అచ్చు: నేటివ్ ప్లీడర్, మద్రాసు. అంటే పేరు లేని ఒక దేశీ వకీలు. పక్కన వరుస నంబరు. ఆ కాలంలో వకీలనీ, వైద్యుడనీ, గుమాస్తా అనీ ఎవరినో కూర్చోబెట్టి తీసి, ఆ ఫొటోలు దుకాణాల్లో అమ్మేవాళ్లని ఎక్కడో చదివిన సంగతి అమ్మాయి తండ్రి అప్పుడు చెప్పాడు. రెండిళ్లలోనూ ఎవరో కొనుక్కొచ్చిన బొమ్మకే బొట్టు పెట్టామన్నమాట.

పెద్దనాయన మాత్రం ఒప్పుకోలేదు. "మన తాత ఫొటోనే ఆ దుకాణమోళ్లు అమ్ముకున్నారేమో!"

ఆ మాటతో నా ప్రాణం మళ్లీ ఉసూరుమంది. ఆయన మా తాతేనని మేం పట్టుబడితే, వాళ్లూ తమ తాతేనని పట్టుబడతారు; మళ్లీ ఒకే రక్తమవుతుంది. అప్పుడు అమ్మాయి నాకు దక్కదు.

అవ్వ మా పటాన్ని ఒళ్లోకి తీసుకుంది. చాలాసేపు చూసింది. నా మొహమూ చూసింది. తర్వాత కొంగుతో ఆ అద్దం మీది బొట్టు తుడిచేసింది.

"ఈయప్ప ఎవురో ఏమో, మన ఇంటోడు కాదు. పెండ్లి సేయండి" అంది. పటం పక్కన పెట్టి, "అయితే మా మామోళ్ల నాయన ఎట్లుండెనో?" అని అడిగింది.

ఎవరికీ తెలియదు. కాలం మనుషుల్ని ఒక్కసారే తీసుకుపోతుందనుకునేవాణ్ణి. ఎప్పుడో పోయిన ఆ పెద్దాయన మా ఇంట్లో మాత్రం ఆ మధ్యాహ్నమే పోయాడు.