బొంతకు కొన్న ఎర్ర గుడ్డ

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి కూర్చున్నానో లేదో, మా మనవరాలు ఫోను తెచ్చి నా ముక్కు ముందు పెట్టి, బొంత కుట్టడం నేర్చుకుంటానవ్వా, ఈ గుడ్డ మంచిదేనా చెప్పు అంది. పూల గుడ్డ, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. అలవాటు కొద్దీ నా బొటనవేలూ చూపుడువేలూ ఆ ఫోను అద్దాన్నే నలపబోయేసరికి పిల్ల పకపకా నవ్వింది. నవ్వదా మరి! బొమ్మను చూసి గుడ్డ కొనే రోజులొస్తాయని మన తరంలో ఎవరం అనుకున్నాం?

గుడ్డ చూడటమంటే ఏమిటో నేను నేర్చుకున్నది మా అమ్మకు అక్క, జమ్మలమడుగు పెద్దమ్మ దగ్గర. ఆమె గుడ్డను కంటికన్నా ముందు చేత్తో చూసేది. గోటితో గీకితే తెల్లటి పొడి రాలిందా, అది గంజి బలమే కానీ నూలు బలం కాదనేది. ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించేది. కాగితంలా కాలి బూడిదైతే నూలు, ముద్దకట్టి గట్టిపడితే దండం పెట్టి లేచి రావాల్సిందే. మరీ బిగువైన నేత కూడా బొంతకు పనికిరాదు, సూది దిగక వేళ్లు పుండ్లవుతాయి. అన్నింటికన్నా ముఖ్యం, రంగు గుడ్డయితే ఒక మూల తడిపి, తెల్ల గుడ్డలో పెట్టి పిండి చూడటం. ప్రొద్దుటూరు బట్టల బజారులో తానుల చివర మిగిలిన ముక్కలను కుప్పపోసి తూకానికి అమ్మేవాళ్లు. పెద్దమ్మ ఆ కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి లాగి మరీ ఏరేది. పైన పరిచినవి ఆశపెట్టడానికట, అక్కరకొచ్చేవి అడుగునే ఉంటాయట.

నాకు పులివెందులలో టీచరు ఉద్యోగం వచ్చేనాటికి అమ్మ పోయి రెండేళ్లయింది. మా వాళ్లలో పెళ్లికూతురు తెల్లచీర కట్టుకుంటుంది కదా, అమ్మ పెళ్లినాటి ఆ చీర పెట్టెలో మడతల దగ్గర చిరుగులు పట్టి ఉండింది. అమ్మదని చెప్పుకోవడానికి నాకు మిగిలింది అదొక్కటే. ఊరికే చివికిపోనివ్వడమెందుకు, దాన్ని పైపొరగా పెట్టి నీకు బొంత కుడతాను, కప్పుకున్నన్నాళ్లు కప్పుకుంటావు అంది పెద్దమ్మ. లోపలికి పాత చీరలు ఆమె దగ్గరున్నాయి. అడుగుకూ అంచుకూ రంగు గుడ్డ మాత్రం నన్ను తెమ్మంది. తడిపి చూడకుండా కొనొద్దని మూడుసార్లు చెప్పింది.

నేనేమో కొత్త టీచరమ్మను, ఇస్త్రీ చీరా, భుజాన సంచీ, ఒళ్లంతా దర్జా! ప్రొద్దుటూరు అంగట్లో నా పక్కనే పెద్ద రైతుల ఇళ్ల ఆడవాళ్లు ఇద్దరు పట్టుచీరలు చూస్తున్నారు. పండుమిరపకాయ రంగు గుడ్డ ఒకటి నా కళ్లలో పడింది. అంగడి పెద్దాయన తనంతట తానే నీళ్లచెంబు నా ముందుకు జరిపి, తడిపి చూసుకోమ్మా అన్నాడు. ఆ పట్టుచీరల వాళ్ల ముందు గుడ్డ తడిపి పిండుతూ కూర్చోవడానికి నాకు చచ్చేంత సిగ్గేసింది. అక్కర్లేదని చెంబు పక్కకు నెట్టేశాను.

జమ్మలమడుగు చేరగానే పెద్దమ్మ అడిగిన మొదటి మాట, "తడిపి చూసినావామ్మే?"

"చూసినా పెద్దమ్మా," అన్నాను. ఆదివారం బడిలో పిల్లలకు అబద్ధమాడరాదని చెప్పే నోటితోనే అన్నాను. నీ చేతిది నా చేతిది ఒకటే గదా అని ఆమె మళ్లీ చూడనైనా చూడకుండా సూది తీసుకుంది. అప్పటికే ఒక కంటికి శుక్లం మొదలైంది. వసారాలో వెలుతురున్నంతసేపూ కూర్చుని, వేలెడు వేలెడు మీద వరసలు వేస్తూ మూడు నెలలు కుట్టింది. అంత సన్నటి కుట్టు నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

మొదటిసారి ఉతికి నాకిద్దామని తొట్టిలో వేసి తీసేసరికి, అమ్మ తెల్లచీర మీద ఎరుపు చారలు చారలుగా దిగిపోయింది. పెద్దమ్మ తొట్టి పక్కనే చతికిలబడింది. అప్పుడైనా నోరు విప్పానా? అంగడాయన మోసం చేసినట్టున్నాడు అని ఊరుకున్నాను.

ఆమె ఊరుకునే మనిషా! మరుసటి రోజే నన్ను వెంటబెట్టుకుని, బొంత చంకన పెట్టుకుని ప్రొద్దుటూరు బస్సెక్కింది. అంగట్లో దాన్ని పరిచి, నలుగురూ వినేట్టు, "ఏందప్పా ఇది? సచ్చిపోయిన దాని పెండ్లిచీర ఇది. నీకు కడుపుకు అన్నమే తింటాండావా?" అని అడిగింది.

పెద్దాయనకు కోపం రాలేదు. బొంతను చూశాడు, నన్ను చూశాడు. "నేను చెంబు ముందర పెట్టినానమ్మా. టీచరమ్మే అక్కర్లేదనింది," అన్నాడు నెమ్మదిగా.

పెద్దమ్మ నావైపు తిరిగింది. నేను తల దించుకున్నాను. ఆమె బొంతను మడిచి, ఆయనకు రెండు చేతులూ జోడించి, తప్పు మాదే అప్పా, నోరు జారినా, మనసులో పెట్టుకోవాకు అని చెప్పి మెట్లు దిగింది. నా వల్ల ఆమె చేతులు జోడించడం చూసి, భూమి చీలితే బాగుండునని నిజంగానే అనుకున్నాను.

బస్సులో నేను ఏడుస్తుంటే చివరకు కొంగుతో నా ముఖం తుడిచి, "గుడ్డ రంగిడిస్తే ఉతుక్కుంటాంలేమ్మే. నీ మాట ఇట్ల రంగిడుస్తాదనుకోలేదు," అంది. తిట్టినా, కొట్టినా బాగుండేది.

ఉప్పునీళ్లలో ఎన్నిసార్లు నానబెట్టినా ఆ చారలు లేత గులాబీగా మిగిలిపోయాయి. ఆ బొంత కిందే పులివెందులలో ఏళ్లకేళ్లు పడుకున్నాను. మా అబ్బాయి కడుపులో ఉన్నప్పుడు పెద్దమ్మ మళ్లీ బొంత కుట్టింది, నా మీద ప్రేమేమీ తగ్గలేదు. గుడ్డ ఈసారి నేను ఇంట్లోనే తడిపి, ఆరేసి, మరీ పట్టుకెళ్లాను. తడిపే తెచ్చినా పెద్దమ్మా అన్నాను. మంచిదేలే తల్లీ అంటూనే లోపలికి పోయి, చెంబుతో నీళ్లు తెచ్చుకుని, ఒక మూల తడిపి, తెల్ల గుడ్డలో పెట్టి పిండి చూసుకుంది.

ఇప్పుడు ప్రతి గుడ్డకూ ఒక చీటీ కుట్టి ఉంటుంది, రంగు పోదని అచ్చు వేసి ఉంటుంది, నచ్చకపోతే వెనక్కి పంపేయవచ్చు. మంచి సౌకర్యమే, నేను కాదనను. ఒకరి మాట మీద ఇంకొకరు మూడు నెలలు కళ్లు పోగొట్టుకునే పని ఇక లేదు. నన్ను అట్లా నమ్మిన మనిషి నా బతుకులో ఒక్కతే ఉండేది, ఆ నమ్మకాన్ని మాత్రం నేను ఒక్కసారే వాడుకోగలిగాను.