ఊఁ కోసం ఆగిన ఇంగ్లీషు నవల

నా చిన్నప్పుడు ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే చాలు, నాకు చెమటలు పట్టేవి. మాది నర్సాపురం దిగువన సముద్రపు ఒడ్డున ఉన్న పల్లె. నాన్న వేటకు వెళ్ళేవాడు, అమ్మ పాలకొల్లు మార్కెట్లో చేపలు అమ్మేది. తొమ్మిదో తరగతిలో ఇంగ్లీషు తప్పాను. "ఈసారీ తప్పితే చదువు కట్టిపెట్టి నాతో చేపల గంపెత్తుకో" అని అమ్మ తేల్చి చెప్పేసింది. గంపంటే నాకు చిన్నచూపేమీ లేదు. బడి మానడం మాత్రం నా వల్ల కాదు.

పక్కింటి అక్క పాలకొల్లులో బి.ఏ. చదివేది. మా పల్లెలో కాలేజీకి వెళ్ళిన మొదటి ఆడపిల్ల తనే, ఆ సంగతి తనకూ బాగానే తెలుసు! ఒక ఆదివారం నేను ఎండుచేపల దగ్గర కాకులు తోలుతుంటే, లైబ్రరీ నుంచి తెచ్చిన లావుపాటి పాత ఇంగ్లీషు నవలతో వచ్చి పక్కన చతికిలబడింది. చదువుతూ అక్కడికక్కడే తెలుగులో చెప్పసాగింది. ఎవరో దొరసాని, ఆమె ఆస్తి కాజేయాలని చూసే మరిది. కథ మంచి పట్టు మీద ఉండగా ఆగి నా వైపు చూసింది.

"ఇది రాసినాయన రీడర్ అని పిలుస్తున్నాడే, పలకవేంటి?"

"ఎవర్నక్కా?"

"ఈ కథ వింటున్నదెవరు? నిన్నే!"

నేను నమ్మలేదు. పుస్తకం లాక్కుని చూస్తే నిజంగానే కథ మధ్యలో ఆ మాట ఉంది. పేజీలు తిప్పితే ఇంకా చాలా చోట్ల కనిపించింది. అప్పటి రచయితల్లో చాలామందికి అది అలవాటేనట. కథ ఆపి, "రీడర్" అంటూ చదివేవాళ్ళను పలకరిస్తారట. ఒకరు బతిమాలతారు, ఒకరు మందలిస్తారు, ఒకరు మనసులో మాట చెప్పుకుంటారు.

"మీ నాయనమ్మ కథ చెప్పేటప్పుడు నువ్వు ఊఁ కొట్టకపోతే ఏం చేసుద్దే?" అంది అక్క. ఏం చేస్తుంది, మూతి ముడుచుకుని పడుకుంటుంది. "ఈయనా అంతే. నువ్వు వింటున్నావో లేదోనని ఆయనకీ బెంగే."

నాకు నవ్వాగలేదు. ఇంగ్లీషంటే నేను హడలిపోతుంటే, ఎప్పుడో చచ్చిపోయిన ఆ దొర నా ఊఁ కోసం ఎదురు చూస్తున్నాడు! ఒంటినిండా చేపల వాసన కొడుతున్న నన్ను, నువ్వెవరి పిల్లవని అడక్కుండానే పిలిచాడు. "ఊఁ, చెప్పండి" అన్నాను గట్టిగా. అక్క తర్వాతి పేజీ నన్నే చదవమంది. కూడబలుక్కుంటూ చదివాను. తెలియని మాట వచ్చినచోట మునుపటిలా తల దించుకోలేదు. "అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అని పుస్తకాన్నే దబాయించాను.

ఆ ఏడు ఇంగ్లీషు గట్టెక్కాను. వచ్చినవి అత్తెసరు మార్కులే. అమ్మ మాత్రం నడివీధిలో గంప దించి నన్ను వాటేసుకుని ఏడ్చింది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. బ్యాంకులోనో ఆసుపత్రిలోనో ఎవరైనా గడగడా ఇంగ్లీషు చదివేసి సంతకం పెట్టమంటే పెట్టను. "ఇది నాకే కదండీ చెబుతున్నారు, నాకు అర్థమయ్యేదాకా చెప్పండి" అంటాను. చెబుతారు. వినే మనిషి లేకపోతే చెప్పేవాళ్ళ మాటకు విలువెక్కడిది? అది తెలిసినదాన్ని, నేనెందుకు జంకాలి?