మార్తమ్మ అడిగిన ప్రశ్న

1955లో, కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, అక్కడి సెషన్సు కోర్టులో నాకొక హత్యకేసు స్టేట్ బ్రీఫ్‌గా వచ్చింది. వకీలును పెట్టుకునే స్తోమత లేని ముద్దాయికి కోర్టువారే ప్రభుత్వ ఖర్చుతో ఒకరిని నియమిస్తారు. దానికి ఆ పేరు. పేరు తెచ్చుకోవాలన్న యావతో కొత్త వకీళ్లం వాటికోసమే కాచుకుని ఉండేవాళ్లం.

ముద్దాయి యేసుదాసు, బేతంచెర్ల వైపు ఒక నాపరాయి గనిలో కూలీ. తోటి కూలీ సామ్యేలును గని అంచు నుంచి తోసి చంపాడన్నది అభియోగం. చూసినవాళ్లు లేరు. మేస్త్రీ పని సామ్యేలుకు దక్కిందని ఆ ఉదయం ఇద్దరూ వాదులాడుకున్నారన్నదొక్కటే ప్రాసిక్యూషన్ చేతిలోని ఆధారం. నేను డిఫెన్సు సాక్షిగా ఎవరిని పిలిచానో చెబితే నమ్మరు. చనిపోయినవాడి తల్లి మార్తమ్మను. "ఇద్దురూ నా సేతి సంగటి తిని పెరిగినారు. వీడు ఆ పని సెయ్యడు సామీ" అని ఆమె బోనులో నిలబడి జడ్జిగారికి చెప్పింది. అంతకంటే గొప్ప సాక్షి ఏ వకీలుకు దొరుకుతుంది? నేరం అనుమానానికి తావు లేకుండా రుజువు కాలేదంటూ జడ్జిగారు సంశయ లాభం కింద ముద్దాయిని విడుదల చేశారు. ఆ పూట నా కాళ్లు నేలమీద ఆనలేదు.

మరుసటి ఏడు యేసుదాసు మా ఇంటికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. కూర్చోమన్నా కూర్చోకుండా, "నేనే తోసినా సారూ" అన్నాడు.

తేరుకున్నాక, వాడు భయపడుతున్నాడనుకుని ధైర్యం చెప్పాను. ప్రభుత్వం అప్పీలు చేసుకునే గడువు దాటిపోయింది. ఒకసారి విడుదలైన నేరానికి మళ్లీ విచారణ ఉండదు. క్లయింటు చెప్పిన మాట వకీలు బయటపెట్టకూడదు. ఇంతా విని వాడు, "అట్లయితే నేనింగ యాడికి పోవల్ల సారూ?" అన్నాడు.

విడుదలైన నాటి నుంచి వాడు చర్చిలో ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లడం లేదట. నెలకోసారి అక్కడ రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. పాపం దాచుకున్న మనసుతో వాటిని ముట్టకూడదని వాళ్ల నియమం. చివరికి పాస్టరుగారి దగ్గర మోకరించి అంతా చెప్పుకున్నాడు. పశ్చాత్తాపపడ్డవాణ్ణి దేవుడు క్షమిస్తాడని, మార్తమ్మకు మాత్రం సంఘం ముందు చెప్పాల్సిందేనని ఆయన అన్నారు. నేను వద్దన్నాను. కొడుకు కాలుజారి పడ్డాడని నమ్మి ఆ తల్లి ఎలాగో బతుకుతోంది, నీ మనశ్శాంతి కోసం ఆమెది చెడగొడతావా అని కోప్పడ్డాను.

"ఆయమ్మ దినామూ పిల్సి నాకు అన్నం పెడ్తాంది సారూ. గొంతు దిగడం ల్యా" అన్నాడు.

వాడు చెప్పేస్తానన్న ఆదివారం నేనూ ఆ చర్చికి వెళ్లి వెనక కూర్చున్నాను. సామ్యేలు తమ్ముడు ఊరుకుంటాడన్న నమ్మకం నాకు లేదు. బల్ల సిద్ధం చేశాక యేసుదాసు లేచి, ఏదీ దాచకుండా చెప్పేశాడు. తమ్ముడు మీదికి దూకబోతే పాస్టరుగారు అడ్డంగా నిలబడి, ఒప్పుకున్నవాణ్ణి దేవుడు క్షమించాడన్నారు.

"దేవుడు క్షమించినాడు, సరే. నన్నెవురన్నా అడిగినారా?" అంది మార్తమ్మ.

యేసుదాసు ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "అడగనీకే వచ్చినా అమ్మా."

ఆమె వంగి వాడి ముఖంలోకి చూసింది. తర్వాత, "వాడు నిన్ను సూసినాడా?" అంది.

"లేదమ్మా. ఎనక నుంచి తోసినా."

"నిజ్జంగా సూడలేదా?"

"దేవుని తోడు, సూడలేదు."

"అయితే నువ్వని తెలీకుండానే పోయినాడు" అని ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. నమ్మిన స్నేహితుడే తోశాడని కొడుక్కి తెలియకపోవడం కూడా ఒక ఓదార్పేనని నా ఊహకు ఎన్నడూ అందలేదు. ఆమె వాడి రెక్క పట్టుకుని లేపి బల్ల దగ్గరికి నడిపించింది. ఇద్దరూ రొట్టె తీసుకున్నారు. వాడు వెక్కివెక్కి ఏడ్చాడు గానీ, మా ఇంట్లో చూసిన ముఖం కాదది. తేటపడింది. తమ్ముడు మాత్రం బయటికి వెళ్లిపోయాడు, మళ్లీ లోపలికి రాలేదు.

ఆ కేసులో ప్రతి సాక్షినీ నేనూ పబ్లిక్ ప్రాసిక్యూటరూ గుచ్చిగుచ్చి ప్రశ్నించాం. ఆ తల్లికి కావలసిన ప్రశ్న మా ఇద్దరికీ తట్టలేదు. తట్టినా, జవాబు తెలిసినవాడు ముద్దాయి ఒక్కడే, వాడు నోరు విప్పకుండా చూడడమే నా పని. కోర్టు మనిషిని విడుదల చేయగలదు, అంతవరకే దాని అధికారం. ఆ తర్వాత నా వృత్తిలో ఎన్నో విడుదలలు సాధించాను. తీర్పు చదివేటప్పుడు ముద్దాయి వైపు కాక, పోయినవాళ్ల తాలూకు మనుషుల వైపు చూడడం నాకు అలవాటైపోయింది.