తడిపిన గాజు ఇటుకలు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, మే నెల మొదటి వారంలో, నన్ను తెనాలి నుంచి బాపట్ల సబ్ డివిజన్‌కు డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా వేశారు. మా వాడుకలో డీఈ అంటాం. కింద అసిస్టెంట్ ఇంజినీర్లు కొలతలు తీస్తారు, పైన ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు, అంటే ఈఈ, ఆమోదిస్తారు, మధ్యలో మాట పడే కుర్చీ డీఈది. చేరిన మూడో రోజునే ఈఈ గారు కర్లపాలెం దారిలో ఉన్న మా శాఖ పాత రాతి గిడ్డంగి ఫైలు నా చేతిలో పెట్టారు.

ఆ గిడ్డంగిని తొమ్మిది చేనేత కుటుంబాలు మగ్గాల షెడ్డుగా అడుగుతున్నాయి. వానలు పడితే వాళ్ల ఇళ్లలో మగ్గం గుంటల్లోకి నీళ్లు ఊరుతాయి. నీళ్లు తోడుకుంటూ కూర్చోవాలి కానీ నేత సాగదు. గిడ్డంగి నేల ఎత్తుగా ఉంది. గోడలు రెండడుగుల మందం, సున్నంతో కట్టిన రాయి. చిక్కంతా ఆరు కిటికీలతోనే. వాటికి తలుపులు ఎప్పుడో పోయాయి. తెరిచి వదిలితే పడమటి గాలికి పడుగు ఎండి పోగులు తెగుతాయి. మూసేస్తే లోపల చీకటి.

గాజు ఇటుకలు పెడదామన్నది నా ఆలోచనే. హైదరాబాదులో ఒక ఆసుపత్రి మెట్ల దగ్గర చూశాను. లోపల బోలుగా, రెండు వైపులా మందపాటి గాజుతో ఉంటాయి. వెలుతురు వస్తుంది, గాలి రాదు, ఎండ సూటిగా పడి రంగు వెలిసిపోదు. పైనున్న వెంటిలేటర్లు ఎలాగూ ఉన్నాయి కాబట్టి ఉక్క బాధ లేదు. ఈఈ గారు నమ్మలేదు. ఒక్క కిటికీ చేసి చూపించమన్నారు. పదో రోజున వచ్చి చూస్తానని, పగిలినా చీకటి పోకపోయినా ఆరు కిటికీలూ రాయితో మూయించి ఎరువుల నిల్వకు ఇచ్చేస్తానని తేల్చి చెప్పారు. ఇరవై అయిదు ఇటుకలు తెప్పించాం. కిటికీకి ఇరవై నాలుగు పడతాయి, ఒకటి అదనం.

పని సుబ్బారావు మేస్త్రిది. కర్లపాలెం మనిషి, అరవై ఏళ్లుంటాయి, సంతకం పెట్టగలడు, అంతకు మించి చదువు లేదు. ఆ పాత కిటికీలో ఒక్క వైపు కూడా నిట్టనిలువుగా లేదు. కింద వెడల్పు, పైన ఇరుకు. గాజు ఇటుకను కోయడానికి వీల్లేదు కాబట్టి రాళ్లు చెక్కి వెడల్పు చెయ్యమన్నాను. ఆయన తాడు కట్టిన తూకపు గుండు పైనుంచి వేలాడదీసి చూశాడు. చెక్కితే పాత సున్నం కదిలిపోతుందని, అన్నిటికంటే ఇరుకైన చోటును కొలతగా పెట్టుకుని మిగిలిన చోట్ల పలచటి రాతి పెచ్చులు సున్నంతో పేర్చి సరిచేస్తానని అన్నాడు. రెండు రోజుల్లో ఆ వంకర కిటికీని తలుపు చట్రమంత తిన్నగా తెచ్చాడు. ఏది పాత రాయో ఏది కొత్త పెచ్చో పోల్చుకోవడానికి నేను కళ్లజోడు పెట్టుకోవలసి వచ్చింది.

మూడో రోజు నేను రేపల్లెలో వేరే పని తనిఖీకి వెళ్లాను. వెళ్లేముందు మేస్త్రికి ఏమీ చెప్పలేదు. ఇటుక పేర్చడం ఆయనకు చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే వచ్చి చూస్తే ఆరు వరసలూ కడుపు ముందుకు వచ్చి నిలబడ్డాయి. కింది సందుల్లోంచి సిమెంటూ ఇసుకా కలిపిన మాలు బయటికి కారిపోయి ఉంది. పక్కన నీళ్ల తొట్టి. సంగతి అర్థమైంది. మట్టి ఇటుకను తడపకుండా కడితే అది మాలులో నీళ్లు తాగేస్తుంది. అందుకే ముందు నానబెడతారు. సుబ్బారావు కూడా తండ్రి దగ్గర నేర్చుకున్న పద్ధతిలోనే గాజు ఇటుకలను తొట్టిలో నానబెట్టాడు. గాజు చుక్క కూడా తాగదు. తడి మీద మాలు జారింది.

నేతగాళ్లు గుమ్మంలో నిలబడ్డారు. వాళ్లలో నాగరత్నమ్మ గారని పెద్దావిడ ఉంది. చూపు మందగించి, తెగిన పోగు అతకాలంటే మనవరాలిని పిలిచేది. షెడ్డు కోసం అర్జీ మొదట పెట్టింది ఆవిడే. ఆమె మొహం చూడలేక నేను తల దించుకున్నాను.

“తప్పు నాదేనండి,” అన్నాడు మేస్త్రి అందరి ముందూ. “మాలు ఇంకా పచ్చిగానే ఉందండి. ఒక్కటి కూడా పగలకుండా తీస్తాను, మీరు కంగారు పడకండి.”

మధ్యాహ్నం దాకా ఒక్కొక్క ఇటుకనూ పసిపిల్లను ఎత్తినట్టు రెండు చేతులా తీసి, కడిగి, పొడిగుడ్డతో తుడిచి వరసగా పెట్టాడు. ఇరవై నాలుగూ క్షేమం. నా చేతికిచ్చి ఉంటే సగం పగలగొట్టేవాణ్ణి, అది ఒప్పుకోవాలి.

మూడు గంటల వేళ పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించి ఉంచాడు. తరువాత నన్ను పక్కకు పిలిచి, నా డ్రాయింగు చూపించమన్నాడు. గీతలు మాత్రం ఆయనకు బాగా తెలుసు. గాజుకీ రాయికీ మధ్య ఇదేంటని అడిగాడు. సిమెంటు మాలు, గట్టిగా కూరాలని చెప్పాను.

“గుమ్మానికైతే సందు వదులుతాం కదండీ, చెక్క ఉబ్బుతుందని,” అన్నాడు. “ఈ రాయి ఎండకి ఇలా కాలిపోతోంది. ఎంతో కొంత కదులుతుంది. గాజుకెందుకు వదల్లేదండి?”

 జీపులో ఇటుకల కంపెనీ ఇచ్చిన పుస్తకం ఉంది, అట్ట కూడా తిప్పలేదు. తీసి చదివితే అక్షరాలా ఆయన చెప్పిందే ఉంది. పక్కలా పైనా సందు వదలాలి, అందులో మెత్తటి పట్టీ కూరాలి. ఇటుకలు పొడిగా ఉండాలి, మాలు బిగువుగా కలపాలి, రోజుకు కొన్ని వరసలే లేపాలి. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. పుస్తకంలో ఉన్నదంతా ఆయనకు చదివి వినిపించాను. ఆయన తల ఊపుతూ విన్నాడు.

పక్కలా పైనా మాలుకు బదులు సందు వదిలి పట్టీ కూరి, రోజుకు రెండు వరసల చొప్పున మూడు రోజుల్లో లేపాడు. రెండేసి వరసలకు ఒక సన్నటి తుప్పుపట్టని కమ్మీ వేశాడు. పదో రోజుకు కిటికీ సిద్ధం.

సైట్ ఆర్డర్ బుక్ అని ఒకటుంటుంది. పనిచోట అధికారి ఇచ్చిన ప్రతి ఆదేశమూ అందులో రాయాలి. మేస్త్రుల పేర్లు అందులోకి ఎక్కవు. నేను మాత్రం “డ్రాయింగులో లోపం నాది. సుబ్బారావు మేస్త్రి సూచన మేరకు సందు వదలడమైనది” అని రాసి సంతకం చేశాను. చెప్పినట్టే వచ్చిన ఈఈ గారు అది చదివి, మేస్త్రి పేరు ఎందుకని అడిగారు. జరిగింది చెప్పాను. ఆయన పుస్తకం మూసి లోపలికి నడిచారు.

కిటికీ పక్కన నాగరత్నమ్మ గారు తన మగ్గం ముందే వేయించుకుంది. ఈఈ గారు మిగతా కిటికీలకు గోనెపట్టాలు కట్టించి, తలుపు మూయించారు. గాజులోంచి వచ్చిన తెల్లటి వెలుగు పడుగు మీద సమంగా పరుచుకుంది. ఆమె నేస్తుండగా ఒక పోగు తెగింది. మనవరాలు లేచింది. ఆవిడ చేత్తోనే వారించి, రెండు కొసలూ వెతికి పట్టుకుని, వేళ్లతో మెలిపెట్టి అతికింది.

“కనపడుతోంది తమ్ముడూ,” అంది, మేస్త్రి వైపు తిరిగి.

మిగతా అయిదు కిటికీలకూ ఈఈ గారు అక్కడే అనుమతి రాశారు.

గాజును తడపకూడదని చెప్పవలసింది నేను, చెప్పలేదు. సందు వదలాలని చదవవలసిందీ నేనే, చదవలేదు. మేస్త్రి తన తప్పును తొమ్మిది కుటుంబాల ముందు ఒప్పుకున్నాడు, నా తప్పును మాత్రం నన్ను పక్కకు పిలిచి అడిగాడు. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా, పని చేసే మేస్త్రి చూడని డ్రాయింగు మీద నేను సంతకం పెట్టలేదు.