ఎముక వయసు

తెనాలిలో డిగ్రీ పిల్లలకు నేను భౌతిక మానవశాస్త్రం చెబుతాను. పుట్టినతేదీ వయసు వేరు, ఎముక వయసు వేరు. ఎదిగే పిల్లల మణికట్టు దగ్గర ఎముకల చివర్లు విడిగా ఉంటాయి, ఎదుగుదల ముగిసే వేళకు అతుక్కుపోతాయి. కొందరికి ముందే అతుక్కుంటాయి. ఈ ఆఖరి వాక్యం కింద ప్రతి ఏడాదీ బోర్డు మీద గీత గీస్తాను. పరీక్షలో వస్తుంది కదా!

బాపట్లలో పదహారేళ్ళలోపు బాలికల కబడ్డీ ఎంపిక జరుగుతుంటే, వయసు తేల్చే కమిటీలో నన్నూ కూర్చోబెట్టారు. రేపల్లె వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల ఎదుటి జట్టువాళ్ళ కాలు పట్టుకుంటే ఎవరూ విడిపించుకోలేకపోయారు. ఆమె ఎక్స్‌రేలో ఎముకల చివర్లు అతుక్కుపోయి ఉన్నాయి. పుట్టినతేదీ కాగితం ఆలస్యంగా తీసుకున్నది కాబట్టి దాన్నెవరూ నమ్మలేదు.

"దాటిందా లేదా? ఒక్క ముక్కలో చెప్పండి సార్," అన్నాడు కమిటీ పెద్ద.

భోజనాల వేళ దాటిపోయింది, నాకు ఆకలిగా ఉంది. ఎక్స్‌రే చూసి అంత కచ్చితంగా చెప్పలేమండి అనాల్సిన వాణ్ణి, "దాటిందండి" అన్నాను. సంతకం కూడా పెట్టాను. సిగ్గులేని సంతకం.

బయటున్న తల్లి లోపలికి దూసుకొచ్చింది. "కన్నది నేనండి! నాకు తెలీదా ఏంటండి?" పిల్ల మా వంక చూడలేదు. తల్లి వంక చూసింది.

నిరుడు రేపల్లె బస్టాండులో ఆ తల్లి నన్ను గుర్తుపట్టింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"అన్నయ్యగారూ, అది ఆట మానేసిందండి. వయసు దాచి నా పరువు తీశావని ఆ రోజు నుంచీ నాతో మాట్లాడట్లేదు. చదువుకున్నోళ్ళు మీరు చెబితే నమ్ముద్దండి. ఒక్కసారి రండి."

వెళ్ళాను. పిల్ల మిషను మీద జాకెట్టు కుడుతోంది. మీ అమ్మ అబద్ధం చెప్పలేదమ్మా, ఎముకలు కొందరికి ముందే అతుక్కుంటాయి, తప్పు నాది అని చెప్పాను. మిషను ఆపింది.

"ఈ సంగతి మీకు అప్పుడు తెలీదా సార్?"

"తెలుసమ్మా."

నేను తల దించుకున్నాను. పిల్ల గుమ్మంలో ఉన్న తల్లి వైపు తిరిగి, "అమ్మా, ఈయన్ని వెళ్ళమను," అంది.

అమ్మా అన్నందుకు ఆ తల్లి గోడకానుకుని ఏడ్చేసింది. నన్ను వెళ్ళమనడం కూడా మరిచిపోయింది.